ఎండనెరిగి ఇల్లు కట్టుట

గ్రామమున ఇల్లు కట్టదలచినవారు మొదట విచారించునది ఖర్చు, పిమ్మట వాస్తు, ఆ పిమ్మట పొరుగువారు ఎట్లు కట్టిరన్నది. ఏ గోడపై ఏ వేళ ఎండ పడును, పగలు కప్పులో చేరిన వేడిమి రాత్రి ఎటు పోవును అను ప్రశ్న వేయువారు అరుదు. ఇల్లు పూర్తియై, మొదటి వేసవి వచ్చి, రాత్రి 10 గంటలకు గూడ గది కొలిమివలె ఉన్నప్పుడు ఆ ప్రశ్న తనంత తానే పుట్టును. అప్పటికి గోడలు తిప్పుటకు వీలులేదు. పంకా తెచ్చుకొందురు, అది చాలక కూలరు, అదియు చాలనివారు అప్పు చేసి ఏ.సి. పెట్టించుకొందురు. ఆ మీదట నెలనెలా కరెంటు బిల్లు కట్టుచుందురు.

ఇది సౌఖ్యమునకు మాత్రమే సంబంధించిన మాట కాదు. 2015 మే మాసమున వీచిన వడగాడ్పులకు రెండు తెలుగు రాష్ట్రములలో వేయిమందికి మించి మరణించిరి. పగలు ఎండలో అలసిన దేహము రాత్రియైనను చల్లబడవలెను. అట్లు చల్లబడనీయని ఇల్లు ముసలివారికి, పసిపిల్లలకు, బాలింతలకు వడదెబ్బను మరింత చేరువ చేయును. కావున ఇంటి నమూనా ఎంపిక ఆరోగ్య విషయము. ఇందు పంచాయతీ సభ్యుల పాత్ర చిన్నది కాదు. ఇండ్ల స్థలముల ప్లాను పంచాయతీ ముందుకు వచ్చును. ఇంటి కట్టడమునకు అనుమతి కోరుచు గృహస్థుడు వచ్చును. ఈ రెండు ఘట్టములు దాటిన పిమ్మట ఎవరేమి చెప్పినను ప్రయోజనము స్వల్పము. ఆ సమయమున సభ్యులు ఏమి అడుగవలెనో, ముఖ్యముగా కర్ర దూలములతోను వాసములతోను కట్టు ఇండ్ల విషయమున ఏమి చూడవలెనో మేము ఇచట వివరింతుము.

సూర్యుని నడక

యంత్రముల సాయము లేక, గోడలు, కప్పు, కిటికీలు, చూరు వీని అమరిక చేతనే ఎండను కావలసినప్పుడు లోనికి రానిచ్చి, వలదన్నప్పుడు బయటనే ఆపు నిర్మాణమునకు 'పాసివ్ సోలార్' పద్ధతి యని పేరు. పేరు కొత్తదైనను సంగతి పాతది. దక్షిణముఖముగా కట్టిన ఇంటి పంచలోనికి చలికాలపు ఎండ ప్రవేశించుననియు, వేసవిలో సూర్యుడు కప్పు మీదుగా పోవుటచే అచట నీడ ఏర్పడుననియు సోక్రటీసు చెప్పినట్లు ఆయన శిష్యుడు క్సెనోఫోన్ రెండువేల మూడువందల ఏండ్లకు పూర్వమే వ్రాసినాడు. హిమాచల ప్రదేశమున దేవదారు దూలములను రాతి వరుసలను ఒకదానిపై నొకటి పేర్చి దళసరి గోడల ఇండ్లు కట్టుదురు. లడఖ్‌లో లేహ్ చెంత దక్షిణపు గోడకు పెద్ద పెద్ద అద్దములు పెట్టి, పగటి ఎండను మట్టిగోడలలో దాచి, గడ్డకట్టు చలిలో గూడ విద్యార్థుల గదులను వెచ్చగా ఉంచుచున్నారు.

అవి చలిసీమలు. అచట ఎండను పిలువవలెను, మనము తరుమవలెను. లేహ్‌లోని నమూనాను ఉన్నదున్నట్లు గుంటూరులో కట్టినచో ఇల్లు ఆవిరికుండ యగును. సూత్రము మాత్రము ఒక్కటియే: సూర్యుడు ఏ కాలమున ఎచట నుండునో తెలిసికొని, దానికి తగినట్లు ఇల్లు పెట్టుట.

విజయవాడను ఉదాహరణముగా గైకొందము. డిసెంబరు 21, 22 తేదీలలో అచట మధ్యాహ్నసూర్యుడు దక్షిణాకాశమున సుమారు 50 డిగ్రీల ఎత్తున ఉండును. మార్చి 21న 73 డిగ్రీలకు మించి ఎక్కును. మే మొదటి పక్షమున సరిగా నడినెత్తిపైకి వచ్చును; ఆనాడు మిట్టమధ్యాహ్నము నిలువుకర్రకు నీడ ఉండదు. అది మొదలు ఆగస్టు మొదటి వారము వరకు మధ్యాహ్నసూర్యుడు మనకు ఉత్తరముగనే ఉండును. వేసవి నడుమ ఉత్తరపు గోడకు గూడ కొంత ఎండ తగులుటకు కారణమిదియే.

ఇప్పుడు చూరు సంగతి చూతము. దక్షిణపు గోడకు 2 అడుగుల చూరు ఉన్నదనుకొందము. మార్చి 21 మధ్యాహ్నమున ఆ చూరు క్రింద 6 అడుగుల 9 అంగుళముల మేర గోడ నీడలో ఉండును. అనగా కిటికీ యంతయు నీడయే. డిసెంబరులో అదే చూరు 2 అడుగుల 5 అంగుళముల మేరకే నీడనిచ్చును. దాని క్రింది భాగమునకు చలికాలపు ఎండ హాయిగా తగులును. ఒక్క పైసా విద్యుత్తు లేక, ఎవరును తెరలు దించకయే, చూరు తన పని తాను చేసికొనుచున్నది.

పడమటి గోడ కథ వేరు. మే మాసమున సాయంకాలము 4 గంటలకు సూర్యుడు పడమట 33 డిగ్రీల ఎత్తుననే ఉండును. ఆ ఏటవాలు ఎండను 2 అడుగుల చూరు అడుగున్నరకు మించి ఆపజాలదు. తూర్పు గోడకు ఉదయము ఇట్లే జరుగును, కాని రాత్రి చల్లదనము కొంత మిగిలియుండుటచే అంత బాధింపదు. అందుచేత పొడవు గోడలు ఉత్తర దక్షిణములకును, పొట్టి గోడలు తూర్పు పడమరలకును ఉండునట్లు ఇల్లు పెట్టుట మన ప్రాంతమునకు మొదటి నియమము. వాకిలి ఏ దిక్కున పెట్టవలెనను విషయమున ఎవరి విశ్వాసము వారిది. దానికిని దీనికిని తగవు లేదు. తూర్పు వాకిలి కోరువానికి పొట్టి గోడలో ఆ వాకిలి దొరుకనే దొరుకును.

స్థలముల ప్లాను వచ్చినపుడు

ఈ నియమము నిలుచునదియు చెడునదియు ఇంటి ప్లానులో కాదు, వీధి ప్లానులో. ఒకటిన్నర సెంటు స్థలము గైకొందము. సెంటునకు 435.6 చదరపు అడుగుల చొప్పున అది 653 చదరపు అడుగులు. సామాన్యముగా దానిని వీధివైపు 20 అడుగులు, లోపలికి 33 అడుగులుగా కొలుతురు. 2016లో ఆరంభమైన ప్రధానమంత్రి గ్రామీణ ఆవాస యోజనలో వంటచోటుతో కలిపి ఇంటికి కనీస విస్తీర్ణము 25 చదరపు మీటర్లు, అనగా 269 చదరపు అడుగులు. 12 అడుగుల వెడల్పు, 22 అడుగుల పొడవు గల ఇల్లు దాదాపు దీనికి సరిపోవును.

వీధి ఉత్తర దక్షిణములుగా సాగినచో స్థలపు లోతు తూర్పు పడమరలుగా ఉండును. 22 అడుగుల గోడలు తమంత తామే ఉత్తర దక్షిణములకు తిరుగును. ఉత్తరమున చూరునీరు పడుటకు 2 అడుగులు విడిచి, దక్షిణమున 6 అడుగుల ఆరుబయలు ఉంచవచ్చును. వరుసలోని ఇండ్లన్నియు ఇట్లే కట్టినచో ప్రతి ఇంటికిని దక్షిణపు కిటికీ యుండును. వేసవి సాయంకాలము పైరగాలి ఆడును. వరుసలో ఒకరు ఉత్తరమున విడిచి, మరియొకరు దక్షిణమున విడిచినచో ఇద్దరికిని గాలి యుండదు, పైపెచ్చు చూరునీటి తగవులు మిగులును. కావున వరుస కంతటికిని ఒకే తీరును ముందుగా తీర్మానింపవలెను. విడువవలసిన ఖాళీ జాగాలపై గల నిబంధనలకు ఇది లోబడియుండవలెనని వేరుగా చెప్పనక్కరలేదు.

వీధి తూర్పు పడమరలుగా ఉన్నచో అదే స్థలమున పొడవు గోడలు సూర్యోదయ సూర్యాస్తమయములకు ఎదురుగా నిలుచును. దీనికి ఉపాయము స్థలపు ఆకృతి మార్చుట: వీధివైపు 26 అడుగులు, లోపలికి 25 అడుగులు పెట్టినచో ఇంటిని వీధి పొడవునకు అడ్డముగా తిప్పి కట్టవచ్చును. ఇందు ఒక నష్టము గలదు. ఇంటికి 20 అడుగుల రోడ్డు పోవుచోట 26 అడుగులు పోవును. రోడ్డు, మురుగుకాలువ, నీటిగొట్టము అన్నియు నూటికి 30 వంతులు పెరుగును. ఈ భారము భరింపజాలని పంచాయతీ స్థలములను మొదటి తీరుననే ఉంచి, పడమటి ప్రక్కన వేప, కానుగ మొక్కలు నాటించుట మేలు. చెట్టు పెరుగుటకు ఏండ్లు పట్టును గనుక, పునాదులు తీయునాటికే మొక్కలు నాటియుండవలెను.

పడమటి కొసన స్నానపు గది, కట్టెల పంచ, పశువుల మేత వంటివి పెట్టినచో సాయంకాలపు ఎండను అవియే భరించును. పడకగదిని పడమట పెట్టి, స్నానపు గదిని చల్లని చోట పెట్టిన ఇండ్లను మేము పెక్కు చూచితిమి.

కప్పు

వేసవిలో ఎండదెబ్బ గోడలకంటె కప్పునకే ఎక్కువ. ఇప్పుడు ఊరూర వేయుచున్నది సిమెంటు స్లాబు. దాని గుణములను మేము కాదనము: తుఫానుకు నిలుచును, పైన మిరపకాయలు ఎండబోసికొనవచ్చును, మరియొక అంతస్తు వేయవచ్చునను ఆశయు గలదు. కాని అది పగలంతయు ఎండను త్రాగి, ప్రొద్దుగ్రుంకిన తరువాత క్రింద పండుకొన్నవారిపై వదలును. కేంద్రమునందలి ఇంధన సామర్థ్య సంస్థ 2018లో వెలువరించిన 'ఈకో నివాస్ సంహిత' ఇంటి కప్పునకు ఒక హద్దు నిర్ణయించినది. లోపలికిని వెలుపలికిని గల ఉష్ణోగ్రతా భేదములో డిగ్రీ ఒక్కింటికి, చదరపు మీటరు కప్పు గుండా 1.2 వాట్లకు మించి వేడి చొరరాదు. ఏ పొరయు లేని మామూలు స్లాబు గుండా దీనికి రెండున్నర, మూడింతలు చొచ్చును. ఆ సంహిత చిన్న గ్రామగృహములకు విధిగా వర్తింపకపోయినను కొలబద్దగా పనికివచ్చును.

కర్ర గుండా వేడిమి పాకుట కాంక్రీటులోకంటె సుమారు పదవవంతు. కర్రకప్పుపై పరచిన పెంకుల సందులనుండి వేడిగాలి పైకి తప్పించుకొని పోవును. చీకటి పడినంతనే పెంకు చల్లబడును. దానిక్రింద పలకలతోనో వెదురు తడికతోనో అటక గూడ ఉన్నచో పెంకుల వేడి మనుష్యులను తాకదు. ఇంతమాత్రమున గోడలు సైతము కర్రతోనే కట్టుట మేలని తలపరాదు. పలుచని పలకగోడ వేడిని తనలో నిలుపుకొనలేదు. మధ్యాహ్నపు వడగాలికి గది వెంటనే కాగును. మట్టిగోడకో ఇటుకగోడకో ఆ దళసరితనము గలదు. రాత్రి చల్లదనమును దాచి పగలు ఇచ్చును. గోడ మట్టిది, కప్పు కర్రది యైన మన పెద్దల ఇల్లు ఈ రెండు గుణములను కూర్చినది. మండువా లోగిలి చూచినవారికి ఇది తెలియును. నడుమ ఆకాశమునకు తెరచిన మండువా, చుట్టును స్తంభములపై నిలిచిన పంచలు, ఎత్తైన కప్పు, ఎదురెదురు ద్వారములు: ఎండ ఇంటిగోడను తాకకముందే పంచలో ఆగిపోవును. ఒకటిన్నర సెంటులో మండువా పట్టదు. కాని ముందు 5 అడుగుల పంచ, ఎదురెదురు కిటికీలు, కప్పు క్రింద గవాక్షములు పట్టును.

ప్రాంతమునుబట్టి నమూనా మారవలెను. కోస్తాలో ఉక్క ప్రధానమగుటచే గాలి రాకపోకలే ప్రాణము. కిటికీలు పెద్దవిగా ఉండవచ్చును. రాయలసీమలోను తెలంగాణమందలి మెట్టప్రాంతములలోను గాలి పొడిగా నుండి, పగలు వేడి, రాత్రి చల్లదనము ఎక్కువ. అచట గోడ దళసరిగా, కిటికీ చిన్నదిగా ఉండవలెను. పగలు మూసి రాత్రి తెరువవలెను. సీమలోని చవుడు మిద్దె ఈ లెక్కకు చక్కగా ఒప్పును. కర్ర దూలములపై బండలో కట్టెలో పరచి పైన చవుడు పోసిన ఆ మిద్దె క్రింద మధ్యాహ్నము గూడ చల్లగా నుండును. అయితే దాని ప్రమాదమును దాచరాదు. కారినపుడెల్ల పాత మన్ను తీయకయే కొత్త మన్ను పోయుదురు. ఏటేట బరువు పెరుగును. గోడలో దూరిన దూలపు కొస తేమకు చివికియుండును. ఒక వానరాత్రి కప్పు కూలును. ఇట్లు ప్రాణములు పోవుట సీమలో అరుదు కాదు. తొలకరికి ముందే పంచాయతీవారు పాత మిద్దెల దూలపు కొసలను గునపపు మొనతో పొడిచి చూపింపవలెను. మొన మెత్తగా దిగినచో ఆ ఇంటివారిని వెంటనే వేరొకచోటికి మార్చి, దూలము మార్పింపవలెను.

పెంకుటింటికి ఈనాడు మరియొక శత్రువు గలదు: కోతి. పెక్కు గ్రామములలో, విశేషించి తెలంగాణమున, పెంకుటిండ్లు వదలుకొనుటకు ఎండయు కాదు, వానయు కాదు, కోతుల మూకలే కారణము. నెలకొకమారు పెంకులు సర్దుకొనుమని చెప్పుట సలహా కాదు. అట్టి ఊళ్ళలో స్లాబే వేసికొని, దానిపై తెల్లని సున్నపుపూతయో తెల్లని పెంకుముక్కల పరపో వేయుట మంచిది. తెలంగాణ ప్రభుత్వము 2023లో ఇట్టి చల్లని కప్పులకై ఒక విధానమునే ప్రకటించినది. సిమెంటు రేకులు, ఇనుపరేకులు మాత్రము నివాసగృహమునకు కడపటి ఎంపికగా ఉండవలెను. వేయక తప్పనిచో క్రింద వెదురు తడిక విడువరాదు.

మన్యమున ఈ లెక్క తలక్రిందులగును. పాడేరు, అరకు, లంబసింగి ప్రాంతములలో చలికాలపు రాత్రులు కఠినముగా ఉండును. లంబసింగిలో ఒక్కొక్కప్పుడు సున్నా డిగ్రీల దాపునకు దిగును. అచట లేహ్ పద్ధతి కొంత పనికివచ్చును. దక్షిణపు గోడలో పెద్ద కిటికీ పెట్టి, చూరు రెండడుగులకు మించనీయక, పగలు ఎండ మట్టినేలపై పడనిచ్చి, రాత్రి గట్టి కర్రతలుపులు మూసినచో నేల దాచుకొన్న వెచ్చదనము తెల్లవారువరకు కొంత నిలుచును. మైదానమున వేయు నమూనానే మన్యమునకు పంపుట పొరపాటు.

కర్రను గూర్చి

టేకు మేలైనదని అందరికిని తెలియును. దాని ధర అందరికిని అందదు. ద్వారబంధములకు టేకో వేగిసయో వాడి, వాసములకు బాగుగా ముదిరిన తాడిచెట్టు చేవను, దూలములకు మద్దిని వాడుట వెనుకటినుండి ఉన్న పద్ధతియే. పాత లోగిళ్ళు విప్పుచున్నచోట దూలములు అమ్మకమునకు వచ్చుచున్నవి. ఎండి నిలిచిన ఆ కర్ర పచ్చికర్రకంటె ఎంతయో నయము. సుత్తితో తట్టినచో కంచువలె మ్రోగవలెను. మెత్తని మ్రోత వచ్చినచో లోన డొల్ల. సన్నని రంధ్రములనుండి పిండి రాలుచున్నచో పురుగున్నట్లు. కొత్త టేకు కొనునపుడు అటవీశాఖ అనుమతిపత్రము చూడకుండ రూపాయియైనను ఈయరాదు.

పచ్చికర్రతో కప్పు వేయుట వలన వచ్చు చేటు ఇంతంత కాదు. ఆరుకొలది అది వంకరలు పోవును, అతుకులు వదలును, పెంకులు జారును. నీడను, గాలి తగులునట్లు, నడుమ బద్దెలు పెట్టి పేర్చి నెలల తరబడి ఆరనీయవలెను. చెదలకు బొరాక్స్, బోరిక్ ఆమ్లము కలిపిన నీటి పూత పనిచేయును; కాని అది వానకు కడిగికొనిపోవును గనుక కప్పు లోపలి కర్రకే తగును. స్తంభమును నేలలో పాతరాదు. రాతిదిమ్మెపై నిలుపవలెను. దిమ్మె ఉన్నచోట చెదపుట్ట ఎక్కుటయు కంటికి తెలియును.

తీరగ్రామముల సభ్యులు ఒక్క విషయమున మిగిలినవారికంటె కఠినముగా ఉండవలెను. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన తుఫానును ఎరిగినవారు నేటికిని ఉన్నారు. కర్రకప్పు తేలిక, గాలి దానిని పైనుండి నొక్కుటకంటె క్రిందనుండి ఎత్తుటయే ఎక్కువ. వాసమును దూలమునకు, దూలమును గోడపట్టెకు, గోడపట్టెను గోడలోనికి ఇనుప పట్టీలతోను బోల్టులతోను బంధింపవలెను. వట్టి మేకు చాలదు. రెండు వాలుల కప్పుకంటె నాలుగు వాలుల కప్పు గాలికి బాగుగా నిలుచును. వాలు 22 నుండి 30 డిగ్రీల నడుమ ఉండుట మేలు. ఇచట నీడకును గాలికిని తగవు వచ్చును. ఎండకు పెద్ద చూరు కావలెను. తుఫానుకు అదియే చేటు. దీనికి మా సలహా: ప్రధాన కప్పు చూరును అడుగున్నరకు తగ్గించి, పంచకు వేరుగా కప్పు వేయుట. పెనుగాలికి పంచకప్పు పోయినను ఇంటికప్పు నిలుచును.

సభలో చేయవలసిన పని

ప్లాను కాగితముపై ఉత్తరదిక్కు గుర్తు తప్పుగా ఉన్నచో పై లెక్కలన్నియు వ్యర్థములు. దానిని తేల్చుటకు యంత్రమక్కరలేదు. స్థలము మధ్య 3 అడుగుల నిలువుకర్ర పాతి, ఉదయము 11 గంటలనుండి ఒంటిగంట వరకు పది నిమిషముల కొకమారు నీడకొస గుర్తుపెట్టవలెను. అన్నిటికంటె పొట్టినీడ చూపు దిక్కు ఉత్తరము. డిసెంబరు చివర ఆ నీడ విజయవాడ ప్రాంతమున రెండున్నర అడుగులుండును. మార్చి 21న 11 అంగుళములకు మించదు. మే, జూన్, జూలై నెలలలో ఈ పని పెట్టుకొనరాదు. నీడ చిక్కదు, చిక్కినను దక్షిణమునకు పడి మోసగించును. స్థలములు పొందువారిని గూడ పిలిచి, వారి ఎదుట ఈ గుర్తు వేయించి, అదే దినమున వీధి ఎటు సాగవలెనో, వరుసలో ఖాళీ ఏ వైపున విడువవలెనో తీర్మానపు పుస్తకమున వ్రాయించి, పిమ్మటనే ప్లానును పై అధికారులకు పంపవలెను.